వెన్నుపూసల నడిమి మెత్తలకు ఆహార మెట్లందును?

పల్లెలలో నడుమునొప్పి మాట వినని దినముండదు. బస్తాలు మోయు హమాలీలు, నాట్లు వేయు స్త్రీలు, మట్టి తవ్వు కూలీలు, దినమంతయు ట్రాక్టరు నడుపు యువకులు అందరును చెప్పుకొను బాధయే యిది. కాయకష్టము చేయువారికి ఇది తప్పదని కొందరును, వయసు మీరినదని కొందరును సరిపెట్టుకొందురు. కాని వెన్నెముకలో నిత్యము జరుగుచున్న యొక సూక్ష్మమైన వ్యవహారమును తెలిసికొన్నచో, ఈ బాధలో కొంత భాగమును గ్రామమే తగ్గింపగలదని బోధపడును. పంచాయతీ సభ్యులకు దానిని వివరించుటయే మా ఉద్దేశము.

మెత్తల నిర్మాణము

మెడలోని రెండవ పూస మొదలు నడుము అడుగున త్రికాస్థి వరకు, పూసకును పూసకును నడుమ ఒక్కొక్క మెత్త యుండును. వైద్యులు దీనిని డిస్కు అందురు. ఇట్టివి మొత్తము 23. ప్రతి మెత్తకును నడుమ గుజ్జు, దాని చుట్టును పీచు వలయములు, పైనను క్రిందను పలుచని మృదులాస్థి పలకలు ఉండును. యౌవనమున ఆ గుజ్జులో నూటికి 80 పాళ్లవరకు నీరే. ఆ నీటిని పట్టియుంచు పదార్థమును తయారుచేయునవి అందలి జీవకణములు. మెత్త పరిమాణములో అవి సుమారు నూటికి ఒక పాలు మాత్రమే. ఆ కొద్ది పనివారు చేతులుడిగినచో గుజ్జు ఎండి, మెత్త పలుచబడి, వలయములు చీలును.

చివరి భూముల కష్టము

శరీరమునందు చాల భాగములకు రక్తనాళములు చేరువనే యుండును. పెద్దవారి మెత్తలలో మాత్రము వెలుపలి అంచున తప్ప రక్తనాళములుండవు. శైశవమున నుండు కొలది నాళములును ఎదుగుదలతో మాయమగును. నడుము ప్రాంతపు మెత్తలో నడిమి కణములు, సమీప రక్తనాళమునకు 7, 8 మిల్లీమీటర్ల దూరమున నుండును. కణమునకు ఇది చాల దూరము.

కాలువ చివర పొలమున్న రైతు కష్టము మీకు తెలియనిది కాదు. తలవైపు భూములు తడిసిన పిమ్మటగాని అతనికి నీరందదు. మెత్త నడిమి కణముల స్థితియు నట్టిదే. పూస ఎముకలోని సన్నని నాళములనుండి గ్లూకోజు, ప్రాణవాయువు మృదులాస్థి పలకగుండ ఊరి, దారిలోని కణములు వాడుకొనగా మిగిలినవి మాత్రమే నడిమికి చేరును. వ్యర్థములు వెలుపలికి పోవుటకును ముఖ్యమైన మార్గమదియే. ఆ పలక గట్టిపడినచో, తూము పూడుకొనినట్లు, రాక పోకలు రెండును మందగించును.

కణములు పొదుపుగా బ్రదుకు విధము

ఇచట ప్రాణవాయువు కొరత కావున, ఈ కణములు ముఖ్యముగా గ్లూకోజును ప్రాణవాయువుతో పనిలేకయే విడగొట్టి శక్తిని పొందును. ఇట్లు పొందు శక్తి కొంచెము; పైగా ఒక్కొక్క గ్లూకోజు అణువునుండి రెండు లాక్టిక్ ఆమ్లపు అణువులు పుట్టును. ఆ ఆమ్లము వెలుపలికి పోక నిలిచినచో మెత్త పుల్లబారి కణములకు హాని కలుగును. ప్రాణవాయువు మిక్కిలి తగ్గినను కణములు కొన్నాళ్లు జీవించును గాని, గుజ్జు తయారీ మందగించును. గ్లూకోజు అందనిచో అవి చచ్చును. చచ్చినవాటి స్థానమున క్రొత్తవి పుట్టుట మిక్కిలి అరుదు.

బరువును విశ్రాంతియు

పగలు బరువుచే మెత్తలనుండి నీరు కొంత వెలికిపోవును. రాత్రి పండుకొన్నప్పుడు తిరిగి చేరును. ఉదయముకంటె సాయంకాలమునకు మనిషి ఎత్తు సుమారు 1 నుండి 2 సెంటీమీటర్లు తగ్గుట ఇందువలననే. చిన్న అణువులు తమంతట తామే ఊరును. పెద్ద అణువుల రాకపోకలకు ఈ నీటి కదలిక తోడ్పడును.

1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి నడుము మెత్తలో సాధనమునుంచి పీడనమును కొలిచిరి. పండుకొన్నప్పుడు 0.1 మెగాపాస్కలు, నిలిచినప్పుడు 0.5 ఉండెను. 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తినప్పుడు 2.3, అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తినప్పుడు 1.7 మాత్రమే. 20 కిలోలకే యిట్లుండ, 75 కిలోల ధాన్యపు బస్తా సంగతి మీరే యోచింపవలెను. అతిభారము పలకలను పగులగొట్టగలదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే వయోజనుడగు పురుషుడు మోయదగిన గరిష్ఠ భారమును 55 కిలోలుగా సిఫారసు చేసినది.

పొగత్రాగుటయు మెత్తలకు శత్రువే. 1991లో ప్రకటింపబడిన ఫిన్లండు పరిశోధనలో, ఒకే పోలికగల 20 జతల కవలలను పరీక్షింపగా, పొగత్రాగువారి మెత్తల శిథిలత త్రాగని తోబుట్టువులకంటె సగటున నూటికి 18 పాళ్లు హెచ్చుగా నుండెను.

వంశమును, వయసును మన చేతిలో లేవు. మెత్తల శిథిలతలో వాటి పాత్ర పెద్దది. శిథిలత కలవారందరికిని నొప్పి యుండదు. నొప్పి కలవారందరికిని మెత్తలే కారణము గావు. ఐనను మన చేతిలోనున్నదానిని విడువరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. ధాన్యపు రాశులవద్దను, గిడ్డంగులవద్దను లారీ ఎత్తుకు సరిపడు అరుగు కట్టించుట, తోపుడుబండ్ల నుంచుట.

2. బస్తాలను చిన్నవిగా నింపవలెనని రైతులకును వ్యాపారులకును నచ్చజెప్పుట; పెద్దవానిని ఇద్దరు కలిసి ఎత్తు అలవాటు చేయుట.

3. పనిచోట నీడ, త్రాగునీరు, నడుము వాల్చుటకు చోటు కల్పించుట. వంగి చేయు పనిలో నడుమ నడుమ లేచి నిలుచుటకు వ్యవధి నిచ్చుట.

4. సామాన్యమగు నడుమునొప్పికి వారములతరబడి మంచము పట్టుట మేలు కాదనియు, ఓర్చుకొనగలిగినంత నడక మంచిదనియు చాటుట.

5. కాళ్లు చచ్చుబడుట, మర్మస్థానము తిమ్మిరెక్కుట, మలమూత్రములు స్వాధీనము తప్పుట కనబడినచో, గంటసేపైనను జాగుచేయక ఆసుపత్రికి పంపుట.

చివరి పొలమునకు నీరందించుటకు మీరు తూములు బాగుచేయింతురు, వంతులు ఏర్పరతురు. కూలివాని వెన్నులోని చివరి కణమునకు ఆహారమందుటకును అట్టి శ్రద్ధయే వలయును. నడుము విరిగిన హమాలీ యింట పొయ్యి వెలుగుట కష్టము. రాబోవు గ్రామసభలో ఒక్క అరుగు నిర్మాణమును గూర్చియైనను తీర్మానము చేయుడని మా మనవి.