కీబోర్డు తిరిగిచ్చాక పాట ఏమైంది?

ఓ మేడారం జాతర పాట కోసం మహబూబాబాద్‌లో తెలిసినాయన కీబోర్డు మూడు రోజులకు అడిగి తెచ్చుకున్నాను. పాటంతా వాయించి, కంప్యూటర్లో సేవ్ చేసి, కీబోర్డు తిరిగిచ్చేశాను. ఆ రాత్రి ప్లే నొక్కితే తెర మీద స్వరాల గీతలు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. నేను రికార్డు చేసింది ఉత్త మిడి.

1983 నుంచి వాడుకలో ఉన్న ఈ మిడిలో ధ్వని ఉండదు. ఏ మెట్టు నొక్కారు, 0 నుంచి 127లో ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురే ఉంటుంది. ఒగ్గు కథలో కథకుడు డోలు వాళ్లకు చేసే సైగను ఫొటో తీసి పెట్టుకుంటే డోలు వినపడదు.

అందుకే వైర్లు రెండు రకాలు కావాలి. కబురుకు యూఎస్‌బీ. ధ్వనికి కీబోర్డు వెనక ఎడమ, కుడి అవుట్‌పుట్‌ల నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లకు రెండు కేబుళ్లు. మైకు ఇన్‌పుట్‌లో గుచ్చితే శబ్దం పగులుతుంది.

ఎక్కువమంది తికమకపడేది వినే దగ్గర. మీరు మెట్టు నొక్కగానే కీబోర్డు మోగుతుంది. అదే కబురు కంప్యూటర్‌కు పోయి తిరిగొచ్చి మళ్లీ మోగిస్తుంది. స్వరం డొల్లగా వినిపిస్తుంది, ఒకేసారి పలికే స్వరాల సంఖ్య సగానికి పడిపోతుంది. కీబోర్డు మెనూలో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేస్తే సరి. పని అయ్యాక ఆన్ చేయడం మరవొద్దు, లేదంటే పెళ్లి బరాత్‌లో కీబోర్డు మూగబోయిందని రిపేరు షాపుకు పరుగెత్తుతారు.

రెండో చిక్కు, ధ్వని కంప్యూటర్ గుండా తిరిగొచ్చేటప్పుడు పడే ఆలస్యం. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 1024 శాంపిళ్లు పెడితే లోపలికి 23, బయటికి 23 మిల్లీసెకన్లు. అంటే దాదాపు పదహారు మీటర్ల దూరాన మోగే డప్పు విని దరువు పట్టుకోవడమే! రికార్డు చేసేటప్పుడు 128కి దించండి. అంతకంటే మేలైంది, ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్‌తో కీబోర్డును నేరుగా వినడం. అప్పుడు ఆ ఆడియో ట్రాక్ మీద సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ ఆపేయాలి, లేకుంటే ఒక్క స్వరం రెండుసార్లు వస్తుంది.

హెడ్‌ఫోన్లలో గుయ్‌మంటుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మన గదిలో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఈ గొడవ రావచ్చు. చార్జర్ తీయగానే ఆగితే టేకులన్నీ బ్యాటరీ మీదే కానివ్వండి.

వాయించడం, తప్పులు దిద్దడం మిడిలో పూర్తిచేసి, కీబోర్డు గదిలో ఉండగానే ఆడియోగా ఎక్కించండి. క్యూబేస్, ఏబుల్టన్ లైవ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎక్స్‌టర్నల్ ఇన్‌స్ట్రుమెంట్ అని దీనికి ఏర్పాటుంది. నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాలూ కూర్చోవాల్సిందే, బయటి వాద్యం తొందరపెడితే పలకదు. 24 బిట్‌లో, గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ చుట్టూ ఉండేలా ఎక్కించండి. రివర్బ్ తీసేసి ఎక్కిస్తే మిక్సింగ్ చేసేవాళ్లు మీకు దండం పెడతారు. తర్వాత దగ్గరికి జూమ్ చేసి ఆడియో మిడి గీతకు వెనకబడిందేమో చూసి జరపండి.

కీబోర్డులో వాడిన టోన్ నంబరు ట్రాక్ పేరులోనే రాయండి. మిక్సింగ్‌కు ఇచ్చేటప్పుడు మిడి, వేవ్ ఫైళ్లు రెండూ పాట మొదటి బార్ నుంచే మొదలయ్యేలా ఇవ్వండి. కీబోర్డును సంచిలో పెట్టే ముందు దాని వైర్లు పీకేసి, ఒకసారి పాటంతా వినండి.