మందు మానకండి – మార్పు కనిపిస్తే చెప్పండి

దంపతులారా!

హెచ్.ఐ.వి. ఉన్నవారు రోజూ వేసుకునే ఏ.ఆర్.టి. మాత్రలంటే కొందరికి భయం. "అవి వేసుకుంటే బుగ్గలు పీక్కుపోతాయట, కాళ్ళు మండుతాయట" అంటారు. ఆ భయంతో మందు మధ్యలో మానేసేవారున్నారు. ఇందులో నిజమెంత? భార్యాభర్తలిద్దరూ కలిసి చదవండి.

అసలు సంగతి ఏమిటి?

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనేవి ఉంటాయి. ఇవి చిన్న చిన్న పొయ్యిల వంటివి. తిన్న తిండిని శక్తిగా మార్చేది ఇవే. పాతవి పోతుంటే కొత్తవి తయారవుతూ ఉండాలి.

హెచ్.ఐ.వి. క్రిమి పెరగాలంటే ఇటుక మీద ఇటుక పేర్చి గోడ కట్టినట్టు కట్టుకోవాలి. కొన్ని మందులు దానికి దొంగ ఇటుకను అందిస్తాయి. దానిమీద మరో ఇటుక నిలవదు. క్రిమి పెరుగుదల ఆగిపోతుంది.

అయితే 'స్టావుడిన్' అనే పాత మందు ఇచ్చే దొంగ ఇటుకను మన పొయ్యిలు కట్టే మేస్త్రి కూడా పొరబాటున వాడేవాడు. పొయ్యిలు తగ్గేవి. అందుకే అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు వచ్చేవి. ముఖం, కాళ్ళు, చేతుల్లో కొవ్వు కరిగేది. అరుదుగా రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చేది.

ఇప్పుడు ఏ మందు ఇస్తున్నారు?

మన దేశంలో ప్రభుత్వం 2004లో ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆనాడు స్టావుడిన్ ఎందరి ప్రాణాలనో నిలిపింది. దాని కీడు తెలిసి, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని క్రమంగా మాన్పించమంది. ఇప్పుడు ఎక్కువమందికి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకు ఒకటి ఇస్తున్నారు. ఇవి పొయ్యిల జోలికి పోవడం చాలా తక్కువ. మూత్రపిండాల పరీక్ష మాత్రం డాక్టరు చెప్పినప్పుడు చేయించుకోండి. జిడోవుడిన్ వాడేవారికి రక్తం తగ్గవచ్చు. వారు రక్తపరీక్ష తప్పించుకోరాదు.

వెంటనే చెప్పవలసినవి

1. అరికాళ్ళలో మంట, తిమ్మిరి.
2. ఎన్నడూ లేని నీరసం, ఆయాసం.
3. ఆగని వాంతులు, కడుపునొప్పి.

ఇవి కనిపిస్తే ఏ.ఆర్.టి. కేంద్రానికి వెళ్ళండి. అవసరమైతే మందు మార్చేది డాక్టరే. మీ అంతట మీరు మానితే క్రిమి మళ్ళీ విజృంభిస్తుంది. మందుకు లొంగకుండానూ పోవచ్చు.

బిడ్డ కావాలనుకుంటున్నారా?

ముందుగా డాక్టరుతో మాట్లాడండి. మందు లేకపోతే తల్లి నుంచి 100 మంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి హెచ్.ఐ.వి. సోకవచ్చు. తల్లి మందు సరిగా వాడి, బిడ్డకూ మందు వేయిస్తే ఆ సంఖ్య 5కు లోపే ఉంటుంది. క్రమం తప్పక మందు వాడి, పరీక్షలో క్రిమి కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిస్తే కాపురం వల్ల జీవిత భాగస్వామికి సోకదు. అంతవరకు నిరోధ్ వాడండి.

సందేహముంటే నర్సమ్మను అడగండి. సిగ్గుపడవద్దు.

మాత్ర మానితే ముప్పు – బాధ దాస్తే తప్పు!