బంగారు రేణువులు, కొవ్వు గోళాలు: ప్రశ్నలు - జవాబులు

నానో వైద్యం గురించి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. జబ్బుల గురించి అడిగినవాళ్లు ఇక్కడ చదివినదాన్ని డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ప్రశ్నలడగడానికి వాడుకోండి. మందు మార్చడం, మానడం మాత్రం ఆయన చెప్పాకే.

ప్రశ్న: నెలసరి తప్పి వారం దాటింది. మందుల షాపులో ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చి చూసుకున్నాను. ఒక గీత ఎర్రగా వచ్చింది, రెండోది ఉందా లేదా అన్నట్టుంది. మా ఆడపడుచు అది లెక్కలోకి రాదంటోంది. ఆ గీతల్లో బంగారం ఉంటుందని ఎక్కడో చదివాను, నిజమేనా? (గృహిణి, ఖమ్మం)

జవాబు: నిజమేనమ్మా. చాలా కిట్లలో ఆ ఎరుపు బంగారానిదే. మిల్లీమీటరులో పది లక్షలో వంతును నానోమీటరు అంటాం. బంగారాన్ని సుమారు 40 నానోమీటర్ల రేణువులుగా చేస్తే దాని పసుపు పోయి ముదురు ఎరుపు వస్తుంది. అంత చిన్న రేణువులో ఎలక్ట్రాన్లన్నీ వెలుగుతోపాటు కలిసికట్టుగా ఊగి, ఆకుపచ్చ కాంతిని తమలోకి లాగేసుకుంటాయి. మిగిలిన ఎరుపు మన కంటికి చేరుతుంది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఈ ఎర్రటి ద్రవాన్ని చేసి చూసి, రంగుకు కారణం బంగారం తాలూకు అతి సూక్ష్మ రేణువులేనని 1857లోనే చెప్పాడు.

అయితే రంగు ఉన్నంత మాత్రాన కిట్ పనిచేయదు. మూత్రంలో లవణాలుంటాయి. పూత లేని బంగారు రేణువులకు ఉప్పు తగిలితే ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి, ఎరుపు కాస్తా నీలమవుతుంది. అందుకని ప్రతి రేణువు చుట్టూ ప్రోటీన్ పూత వేస్తారు. ఆ పూతలోనే హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీలుంటాయి. మీరు వేసిన చుక్కలు పట్టీ వెంట పాకుతూ ఈ రేణువులను తమతో తీసుకెళ్తాయి. 'టి' అక్షరం దగ్గర మరో యాంటీబాడీ గీతలా పరిచి ఉంటుంది. మూత్రంలో హార్మోన్ ఉంటే అది ఒక చేత్తో రేణువును, మరో చేత్తో ఆ గీతను పట్టుకుంటుంది. అలా వేలకు వేలు రేణువులు అక్కడ ఆగిపోతేనే ఎర్ర గీత కనిపిస్తుంది. 'సి' దగ్గర గీత హార్మోన్ ఉన్నా లేకున్నా రేణువులను ఆపుతుంది. అది రాకపోతే కిట్ పాడైనట్టే.

ఇక మీ గీత సంగతి. పెట్టెమీద రాసిన సమయంలోపు, ఎర్రఛాయతో కనిపిస్తే అది ఎంత పలచగా ఉన్నా లెక్కలోకి వస్తుంది. హార్మోన్ ఇంకా తక్కువగా ఉందని అర్థం, అంతే. చాలా కిట్లు మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల దగ్గర గుర్తించడం మొదలుపెడతాయి, తొలిరోజుల్లో ఆ హార్మోన్ రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. కాబట్టి రెండు రోజులాగి, పొద్దున్నే మొదటి మూత్రంతో కొత్త కిట్ మీద మళ్లీ చూడండి. అరగంట తర్వాత బూడిదరంగులో తేలిన గీతనైతే నమ్మొద్దు, అది తడి ఆరిన మరక. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనిపించడం ఉంటే మాత్రం రెండో కిట్ కోసం ఆగకండి. గర్భం ట్యూబులో నిలిచినప్పుడు కూడా గీత ఇలాగే పలచగా రావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. అప్పట్లో కీమోలో 'ఎర్రమందు' ఇచ్చారు. ఇప్పుడు ఎకోలో గుండె కొంచెం బలహీనంగా ఉందని తేలింది. అదే మందును లైపోసోమల్ రూపంలో ఇస్తామంటున్నారు, ఖర్చు చాలా ఎక్కువ. అది నేరుగా క్యాన్సర్ కణాల దగ్గరికే వెళ్తుందట. అలాగైతే అప్పు చేసైనా ఇప్పిస్తాం. (ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ)

జవాబు: మీరు ఏ ఆశతో అప్పు చేయబోతున్నారో అది సరిగ్గా తెలుసుకోవాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎర్రమందు అంటే డాక్సోరుబిసిన్. క్యాన్సర్ మీద గట్టిగా పనిచేస్తుంది. ఎక్కించిన మోతాదులన్నీ కలిసేకొద్దీ గుండె కండరాన్నీ దెబ్బతీస్తుంది. లైపోసోమల్ రకంలో అదే మందు సుమారు 100 నానోమీటర్ల కొవ్వు గోళంలో ఉంటుంది. జెరూసలేంలో యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్, ఆయన సహచరులు దీన్ని తీర్చిదిద్దారు. అమెరికాలో 1995లో 'డాక్సిల్' పేరుతో అనుమతి వచ్చింది. అక్కడ అనుమతి పొందిన మొదటి నానో మందు అదే.

అందులోని పనితనం చూడండి. గోళం లోపల ముందుగా అమ్మోనియం సల్ఫేట్ ఉంచుతారు. బయటి నుంచి మందు కొవ్వు పొరను దాటి లోపలికి వెళ్లగానే అక్కడి ఆమ్లత్వం వల్ల దాని మీదికి విద్యుదావేశం చేరుతుంది. సల్ఫేటుతో కలిసి స్ఫటికంగా గడ్డకడుతుంది, ఇక బయటికి రాలేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పొట్టు లోపల బియ్యపుగింజలా ఆ స్ఫటికం కనిపిస్తుంది. గోళం పైన పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే నీటిని ఇష్టపడే పోగుల పూత ఉంటుంది. దానివల్ల కాలేయం, ప్లీహంలోని కణాలు గోళాన్ని వెంటనే మింగేయలేవు. అది రెండు మూడు రోజులు రక్తంలో తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గుండెలో సన్నటి రక్తనాళాల గోడలు బిగువుగా ఉంటాయి, 100 నానోమీటర్ల గోళం వాటిని దాటలేదు. క్యాన్సర్ గడ్డలోని నాళాలు వదులుగా ఉంటాయి కాబట్టి అక్కడ కొంత బయటికి జారుతుంది. ఈ తేడాను జపాన్‌లో మత్సుమురా, మయేదా 1986లో చెప్పారు. దాంతో నానో రేణువులన్నీ బాణంలా గడ్డకే తగులుతాయన్న నమ్మకం పెరిగిపోయింది. టొరంటో పరిశోధకులు పదేళ్ల అధ్యయనాలను గుదిగుచ్చి 2016లో లెక్కవేస్తే, జంతువులకు ఎక్కించిన రేణువుల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కాలేయానికి, ప్లీహానికి పోయింది.

కాబట్టి 'నేరుగా క్యాన్సర్ దగ్గరికే' అన్న మాట సరికాదు. పాకిన రొమ్ము క్యాన్సర్‌లో రెండు రకాలనూ పోల్చిన పరీక్షల్లో జబ్బును అదుపు చేయడంలో అవి ఇంచుమించు సమానంగా ఉన్నాయి. గుండెకు దెబ్బ మాత్రం లైపోసోమల్ రకంతో బాగా తగ్గింది. అమ్మగారి గుండె ఇప్పటికే బలహీనంగా ఉందంటున్నారు, అందుకే డాక్టరుగారి సలహా నాకు సబబుగానే అనిపిస్తోంది. అయినా పాత మోతాదులు కూడా లెక్కలోకి వస్తాయి, ఎకోలు ఆపకూడదు. ఈ మందు కాక గుండె జోలికి పోని మరో మందు ఉందా అని ఒకసారి అడగండి. ఆ ప్రశ్నకు ఏ డాక్టరూ నొచ్చుకోడు.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కోసం హైదరాబాదు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి చుట్టూ కుటుంబాలు ఎలా తిరిగాయో మనకు గుర్తుంది. అక్కడా కథ ఇదే. మామూలు యాంఫోటెరిసిన్ కూడా ఫంగస్‌ను చంపుతుంది, కానీ కిడ్నీలను తినేస్తుంది. గోళంలో పెడితే కిడ్నీలకు దెబ్బ తగ్గి, డాక్టరు కావలసినంత మోతాదు ఇవ్వగలుగుతాడు. నానో మందుల వల్ల రోగులకు ఇప్పటిదాకా దక్కిన పెద్ద మేలు ఇలాంటిదే: పోకూడని చోటికి మందు పోకుండా కాయడం. ఈ మేలు చిన్నదని నేననను.

ఖర్చు విషయానికొస్తే, మన కంపెనీలే ఈ మందు తయారుచేస్తున్నాయి. 2012లో డాక్సిల్‌కు కొరత వస్తే అమెరికా తాత్కాలికంగా మన సన్ ఫార్మా లిపోడాక్స్‌ను తెప్పించుకుంది. కాబట్టి జనరిక్ దొరుకుతుందేమో అడగండి, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కనుక్కోండి. ఇంట్లో ఒక జాగ్రత్త పడాలి. ఈ గోళాలు అరచేతుల్లో, అరికాళ్లలో చేరి ఎర్రబడటం, మంట, తొక్క లేవడం తెస్తాయి. మందు ఎక్కించాక కొన్ని రోజులు అమ్మగారిని వేడినీళ్లలో అంట్లు తోమనివ్వొద్దు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడనివ్వొద్దు, బిగుతు చెప్పులు వద్దు. ఇంకొకటి: మామూలు రకం మోతాదు వేరు, లైపోసోమల్ మోతాదు వేరు. సీసా మీద 'లైపోసోమల్' అన్న మాట ఉందో లేదో డ్రిప్ పెట్టేముందు మీరూ ఒకసారి చూడండి.

ప్రశ్న: ఇక్కడ నేను ఫైజర్ కోవిడ్ టీకా వేయించుకున్నాను. అందులోని నానో కణాలు ఒంట్లో ఉండిపోతాయని ఊళ్లోని బంధువులు వాట్సాప్‌లో పంపుతున్నారు. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

జవాబు: ఆ కణాల్లో లోహం లేదు, చిప్ లేదు. నాలుగు రకాల కొవ్వు పదార్థాలుంటాయి, వాటిలో ఒకటి మన ఒంట్లో ఎప్పుడూ ఉండే కొలెస్టరాల్. అసలు పని చేసేది ఒక ప్రత్యేక కొవ్వు. రక్తంలో దానికి ఆవేశం ఉండదు, కణం లోపలి ఆమ్ల సంచిలోకి చేరగానే ధనావేశం వస్తుంది, సంచి గోడను చీల్చి, తాను మోసుకొచ్చిన టీకా సందేశాన్ని, అంటే ఎంఆర్ఎన్ఏను, బయటికి వదులుతుంది. ఇదే పద్ధతిని అరుదైన నరాల జబ్బుకు ఇచ్చే పాటిసిరాన్ అనే మందులో వాడారు. దానికి అమెరికాలో 2018లోనే అనుమతి వచ్చింది. ఎంఆర్ఎన్ఏను మన కణాలే ముక్కలు చేస్తాయి, కొవ్వులను ఒళ్లు క్రమంగా విరిచి వదిలించుకుంటుంది. ఈ కణాల పైన కూడా ఉండే పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

ప్రశ్న: మా నాన్నకు షుగర్, థైరాయిడ్ ఉన్నాయి. కాలికి పుండు మానడం లేదు. తెలిసినాయన 'నానో సిల్వర్ వాటర్' రోజూ తాగితే మానుతుందని సీసాలు ఇచ్చాడు. ఆయుర్వేదంలో స్వర్ణభస్మం ఉన్నట్టే ఇదీ అంటున్నాడు. (రైతు, జగిత్యాల)

జవాబు: తాగించకండి. వెండి సూక్ష్మక్రిములను చంపే మాట నిజమే. వెండి నానో స్ఫటికాలు పూసిన డ్రెస్సింగులు కాలిన గాయాలకు, పుండ్లకు ఆసుపత్రుల్లో వాడతారు. అక్కడ వెండి పుండు మీద ఉండి, ఉన్నచోటే పని చేస్తుంది. తాగిన వెండి ఆ పుండు దాకా పోయి మాన్పుతుందనడానికి ఆధారం లేదు. అది చర్మంలో పేరుకుంటే ఒళ్లు బూడిద నీలం రంగుకు తిరుగుతుంది, ఆ రంగు సాధారణంగా పోదు. థైరాయిడ్ మాత్ర, కొన్ని యాంటీబయాటిక్‌లు ఒంటికి సరిగా పట్టకుండా కూడా చేస్తుంది. ఇలాంటి వెండి ద్రావణాలు ఏ జబ్బుకైనా సురక్షితమని, పనిచేస్తాయని తాము ఒప్పుకోవడం లేదని అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే ప్రకటించింది.

స్వర్ణభస్మంతో పోలిక కుదరదు. భస్మంలో నానో సైజు స్ఫటికాలు కనిపించిన మాట నిజమే, అవి పెద్ద ముద్దలుగా అంటుకుని ఉంటాయి. సైజు చిన్నదైతే చాలు మందవుతుందనుకోవడమే తప్పు. మన దేశంలో నానో మందులను ఎలా పరీక్షించాలో బయోటెక్నాలజీ విభాగం 2019లో మార్గదర్శకాలు తెచ్చింది: రేణువు సైజు, పూత, ఒంట్లో ఎటు పోతుంది, ఎన్నాళ్లుంటుంది, అన్నీ చూపించాలి. ఆ సీసా మీద డ్రగ్ లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. షుగర్ పుండుకు రోజులు విలువైనవి. నాన్నగారిని ఈ వారమే సర్జన్‌కు చూపించండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తులసి ఆకు రసంతో బంగారు నానో రేణువులు చేశాను. రంగు మారింది, పీక్ వచ్చింది. బోరునీటిలో పాదరసం కనిపెట్టడానికి, క్యాన్సర్‌కు కూడా పనికొస్తాయని చివర్లో రాయమని సీనియర్లు అంటున్నారు. పీహెచ్‌డీ ఇందులోనే చేయాలనుంది. ఎలా ముందుకెళ్లాలి? (విద్యార్థిని, తిరుపతి)

జవాబు: క్యాన్సర్ వాక్యం రాయకమ్మా. నువ్వు చూడనిదాన్ని రాయొద్దు. ఆకు రసంతో రేణువులు చేసి, నాలుగు చిత్రాలు పెట్టి, ఆఖరి పేరాలో అన్ని జబ్బులకూ పనికొస్తాయని రాసే పేపర్లు మన దగ్గర పోగుపడిపోయాయి. తెలివైన పిల్లల రెండేళ్లు వాటికి ఖర్చవుతుంటే నాకు బాధేస్తుంది. రేణువు చేయడం నేర్చుకోవడానికి తులసి మంచిదే, చవక. కానీ రసంలో ఏముంటుందో ఆకుకూ ఆకుకూ, కాలానికీ కాలానికీ మారుతుంది. అంటే రేణువు మీద ఏ పూత ఉందో నీకే తెలియదు. సెన్సర్ అయినా మందైనా పనిచేసేది ఆ పూతే.

కాబట్టి చివరి నుంచి మొదలుపెట్టు. తాగునీటిలో పాదరసానికి మన ప్రమాణం లీటరుకు 0.001 మిల్లీగ్రాములు. అంత తక్కువలో నీ ద్రవం రంగు మారుతుందా? మారకపోతే ఏ పూత దాన్ని అక్కడికి తీసుకెళ్తుంది? ఒక దారి చెబుతాను. డీఎన్ఏలోని థైమీన్ అక్షరాలు రెండు ఎదురెదురుగా నిలిచి పాదరస అయాన్‌ను మధ్యలో పట్టుకుంటాయి. బంగారు రేణువుల మీద థైమీన్ పోగులు కడితే పాదరసం వాటిని కలిపి పట్టుకుంటుంది. అమెరికాలో మిర్కిన్ బృందం 1996లో డీఎన్ఏతో బంగారు రేణువులను కూర్చిన పద్ధతిని చదువు, నీకు చాలా తోవ కనిపిస్తుంది. రేణువులకు మాత్రం టర్కెవిచ్ 1951 నాటి సిట్రేట్ పద్ధతి చాలు. గోల్డ్ క్లోరైడ్ ద్రావణాన్ని మరిగించి సోడియం సిట్రేట్ కలిపితే లేత పసుపు పోయి, నల్లబడి, ఎర్రగా తేలుతుంది. కాంతి శోషణ గ్రాఫులో 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సన్నటి పీక్ రావాలి. గాజుసామాను మురికిగా ఉంటే రాదు.

తర్వాత నువ్వు తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కాకుండా నిజమైన బోరునీటిలో చూడు. రాయలసీమ బోర్లలో చాలావాటి నీళ్లు గట్టివి, కాల్షియం ఎక్కువ. పాదరసం చుక్క లేకపోయినా ఆ లవణాలే రేణువులను ముద్దకట్టించి ఎరుపును నీలం చేస్తాయి. ఊరివాళ్ల చేతికి అలాంటి సెన్సర్ ఇస్తే మంచినీళ్లను విషమంటుంది. నాలుగైదు ఊళ్ల నీళ్లు తెచ్చుకో. ఒక్కోదాన్ని ఉన్నదున్నట్టు ఒకసారి, తెలిసినంత పాదరసం కలిపి ఒకసారి, సీసం, కాడ్మియం, ఇనుము కలిపి ఒక్కోసారి చూడు. పాదరసం వ్యర్థాన్ని సింకులో పోయొద్దు, వేరే సీసాలో పట్టి గైడ్‌కు అప్పగించు.

మందుల వైపే వెళ్లాలనిపిస్తే రక్తపు సీరంలో మొదలుపెట్టు. రేణువు సీరంలో పడిన నిమిషాల్లోనే ప్రోటీన్లు దాన్ని కప్పేస్తాయి. నువ్వు వేసిన పూత లోపలికి పోతుంది, కాలేయం చూసేది ఆ పైపొరనే. సుమారు 5.5 నానోమీటర్లకన్నా చిన్నవైతే కిడ్నీల నుంచి మూత్రంలో పోతాయి, అంతకన్నా పెద్ద లోహరేణువులు ఎక్కువగా కాలేయంలో, ప్లీహంలో చేరి చాలాకాలం ఉండిపోతాయి. సీరంలో కలపకముందు, కలిపాక సైజు కొలిచి రెండు అంకెలూ పక్కపక్కన రాయి.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీ కాలేజీలో లేకపోతే దిగులుపడకు. ఐఐటీ మద్రాసులోని సైఫ్ అనే పరికరాల కేంద్రం బయటివాళ్ల నమూనాలు తీసుకుంటుంది, ఐ-స్టెమ్ పోర్టల్లో ఏ పరికరం ఎక్కడుందో వెతుక్కోవచ్చు. పంపేముందు గైడ్‌తో కూర్చుని, బోరునీళ్లలో నీ రేణువులు ముద్దకట్టిన ఫలితాన్ని కూడా ప్రాజెక్టు రిపోర్టులో పెట్టడానికి ఒప్పించు. ఏ లవణం ఎంత ఉన్నప్పుడు కట్టిందో అంకెలతో రాస్తే, పీహెచ్‌డీలో నీ మొదటి ప్రశ్న అదే అవుతుంది.