ఆటగాండ్ర మార్పిడి

సంతలో ఎడ్లను మార్చుకొనుట మన పల్లెలలో పెద్దలెఱిగిన వ్యవహారమే. ఒకడు పాలపండ్ల కోడెనిచ్చి, అరకకు అలవాటుపడిన ఎద్దును తోలుకొని వచ్చును. అతడింటికి చేరకముందే రచ్చబండ మీద విచారణ మొదలగును. కోడె చురుకైనదే గాని మెడ వంచదని ఒకడనును. ఎద్దు బలమైనదే గాని ఎన్నాళ్లు పనికివచ్చునని మఱియొకడడుగును. రెండేండ్లు సేద్యము గడచినగాని ఏమియు తెలియదని మూడవవాడు చుట్ట వెలిగించును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాలు జట్లు తమ ఆటగాండ్రను ఇట్లే మార్చుకొనును. అక్కడ రచ్చబండకు మారుగా ఆటస్థలపు మెట్లును, వార్తాపత్రికలును, భోజనపు బల్లలును ఉండును. అట్టి మార్పిడులలో 1964వ సంవత్సరమున చికాగో నగరపు కబ్స్ జట్టును, సెయింట్ లూయీ నగరపు కార్డినల్స్ జట్టును చేసికొన్నది మిక్కిలి ప్రసిద్ధము. అరువదేండ్లు దాటినను దానిని గూర్చిన వాదము ముగియలేదు. బేస్‌బాలు ఎఱుగనివారు సయితము ఆ వాదమును వినదగును.

క్రికెట్టెఱిగిన మీకు ఈ ఆటను తెలిసికొనుట కష్టము కాదు. తొంబది అడుగుల భుజము గల చదరమునకు నాలుగు మూలల నాలుగు గురుతులుండును. వానిని బేసులందురు. బంతిని విసరువాడు పిచ్చరు. మన బౌలరువలె అతడు పరుగెత్తివచ్చి నేలకు తగులునట్లు వేయడు. 60 అడుగుల 6 అంగుళముల దూరమున మిట్టపై నిలిచి నేరుగా విసరును. బ్యాటు పట్టినవాడు దానిని కొట్టి మొదటి బేసునకు పరుగెత్తవలెను. నాలుగు మూలలు చుట్టి, బయలుదేరిన చోటికి క్షేమముగా చేరినచో ఒక పరుగు. కొట్టిన దెబ్బవలన క్షేమముగా బేసు చేరుటను హిట్టు అందురు. ఒక బేసుపై నిలిచినవాడు, పిచ్చరు బంతి విసరబోవు క్షణమును కనిపెట్టి, ఎవ్వరును కొట్టకయే తరువాతి బేసునకు దూకి చేరవచ్చును. దీనిని బేసు దొంగిలించుట యందురు. ఈ దొంగతనము నేరము కాదు, గొప్ప విద్య. ఈ కథలో దానికి చాల పని యున్నది.

ఆ కాలమున, ఆటలు నడుచుచుండగా మార్పిడులు చేసికొనుటకు జూన్ 15 కడపటి దినము. 1964లో ఆ దినము సమీపించునప్పటికి రెండు జట్లకును లోటుండెను. కబ్స్ జట్టులో కొట్టువారికి కొదువలేదు. ఎర్నీ బ్యాంక్స్, బిల్లీ విలియమ్స్, రాన్ సాంటో ఆ జట్టువారే. అంతకుముందటి యేడు వారు 82 ఆటలు గెలిచి 80 ఓడిరి. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును గాని, 1946 తరువాత గెలుపులు ఓటములను మించుట వారికదే మొదలు. ఎన్నియో ఏండ్లు ఓటమి నంజుకొన్నవారికి ఈ రెండాటల మిగులే విందైనది. ఇంకొక్క మంచి పిచ్చరు దొరికినచో అగ్రస్థానమున నిలువవచ్చునని వారాశించిరి.

అట్టి పిచ్చరు సెయింట్ లూయీలో ఉండెను. ఎర్నీ బ్రోగ్లియో అను ఇరువది యెనిమిదేండ్లవాడు 1960లో 21 ఆటలు, 1963లో 18 ఆటలు తన ఖాతాలో వేసికొనెను. కార్డినల్స్ వారి కష్టము వేరు. స్టాన్ మ్యూజియల్ అను మహా క్రీడాకారుడు 1963 చివర ఆట విరమింపగా, ఎడమవైపు మైదానమున అతని చోటును నింపగలవాడు వారికి చిక్కలేదు. జూన్ నడుమ నాటికి వారికి ఓటములే హెచ్చుగా నుండెను.

ఇక లూ బ్రాక్. అతడు అర్కాన్సా రాష్ట్రమున పుట్టి, లూసియానాలోని పల్లెలో పెరిగిన నల్లజాతి యువకుడు. కాళ్లలో మెఱుపు కలవాడు. 1962లో న్యూయార్కునందలి పోలో గ్రౌండ్స్ ఆటస్థలమున అతడు కొట్టిన బంతి నడిమి మైదానమును దాటి మెట్లమీది జనుల నడుమ పడెను. అంత దూరము కొట్టినవారు ఆ స్థలమున వ్రేళ్లపై లెక్కింపదగినవారే. ఐనను ఆ మెఱుపు నిలుకడగా వెలుగలేదు. చికాగోలో అతనికి అప్పగించిన కుడివైపు మైదానమున ఎండ కంటబడి బంతులు చేజారుచుండెను. 1964లో కబ్స్ జట్టున ఆడినన్నాళ్లు అతని సగటు వేయింటికి 251 హిట్లు మాత్రమే. అభిమానులకును, ఆటను నడుపువారికిని ఓర్పు సన్నగిల్లుచుండెను.

జూన్ 15న బేరము తెగినది. ఆ బేరమున మొత్తము ఆర్గురు ఆటగాండ్రుండిరి. చికాగోనుండి బ్రాక్, జాక్ స్ప్రింగ్, పాల్ టోత్. సెయింట్ లూయీనుండి బ్రోగ్లియో, బాబీ షాంట్జ్, డగ్ క్లెమెన్స్. చరిత్రలో మిగిలినవి రెండు పేర్లే. తక్కిన నలుగురు పెండ్లి బండిలోని సామానువలె వెంట పోయిరి.

మరునాడు చికాగోలో సంతోషము వెల్లివిరిసెను. ఆ నగరపు పత్రికలో ఒక రచయిత, సెయింట్ లూయీవారికి కృతజ్ఞతలు తెలిపి, మీతో వ్యాపారము బాగున్నది, మరల ఎప్పుడైనను రండని పరిహసించెను. సెయింట్ లూయీ ఆటగాండ్రకే ఈ మార్పిడి రుచింపలేదు. 18 ఆటలు గెలిచినవానిని పంపి, సగటు సరిగా లేని కుఱ్ఱవానిని తెచ్చుట ఏమి తెలివియని వారు తమలోతాము గొణుగుకొనిరి.

తరువాత జరిగినది చెప్పుటకు కొన్ని అంకెలు చాలును. కార్డినల్స్ జట్టులో మిగిలిన 103 ఆటలలో బ్రాక్ సగటు వేయింటికి 348. దొంగిలించిన బేసులు 33. జట్టు మెల్లగా మీదికి ప్రాకెను. చిట్టచివర ఒక వింత జరిగినది. ఇంక 12 ఆటలే మిగిలియుండగా, ఆరున్నర ఆటల ఆధిక్యముతో ముందున్న ఫిలడెల్ఫియా జట్టు వరుసగా పదియాటలు ఓడెను. కార్డినల్స్ ఒక్క ఆట తేడాతో అగ్రస్థానము పొంది, అటుపై న్యూయార్కు యాంకీలను ఏడాటల పోటీలో జయించి ప్రపంచ విజేతలైరి. కబ్స్ ఎనిమిదవ స్థానమున నిలిచిరి. బ్రోగ్లియో ఆ యేడు వారి పక్షమున 4 ఆటలు గెలిచి 7 ఓడెను. నవంబరులో అతని మోచేతికి శస్త్రచికిత్స జరిగెను. మూడేండ్లలో చికాగో పక్షమున అతని లెక్క 7 గెలుపులు, 19 ఓటములు. 1966తో అతని పెద్ద ఆట ముగిసెను.

ఈ మార్పిడిని కుదిర్చిన కార్డినల్స్ కార్యనిర్వాహకుడు బింగ్ డివైన్ కథ మఱియు విచిత్రము. జట్టు వెనుకబడియున్నదని యజమాని ఆగస్టులోనే అతనిని పనినుండి తొలగించెను. రెండు నెలలకు జట్టు ప్రపంచ విజేత యయ్యెను. ఫలము పండునంతవరకు ఆగలేక చెట్టు నాటినవానిని తోటనుండి వెళ్లగొట్టుట యన్న నిదియే.

ఇప్పుడు వాదమునకు వత్తము. చికాగోలో ఒక తాతయు మనుమడును దీనిని గూర్చి మాటలాడుకొనుచున్నారని ఊహింపుడు. వీరిద్దరు కల్పితులే గాని, వారి మాటలు ఆ నగరమున ఎందఱో పలికినవే.

"తాతా! మీ కాలపువారు ఇంత తెలివితక్కువ బేరమునకు ఎట్లు ఒప్పుకొంటిరి? బ్రాక్ మొత్తము 3,023 హిట్లు కొట్టెను. 938 బేసులు దొంగిలించెను. 1974లో ఒక్క యేటనే 118! 1985లో కీర్తిమందిరమున అతని పేరు చేర్చిరి. బ్రోగ్లియో మనకిచ్చినవి ఏడే గెలుపులు."

"అబ్బాయీ! నీవు చెప్పినవన్నియు ఆ జూన్ తరువాత వచ్చిన అంకెలు. ఆ ఉదయము పత్రిక నా చేతిలో నున్నప్పుడు వానిలో ఒక్కటియు లేదు. ఒక ప్రక్క 18 గెలుపులు, ఒక ప్రక్క 251 సగటు. నాకు నిలుకడగల పిచ్చరు దొరికెనని నేను మేడమెట్లు రెండేసి చొప్పున దిగితిని. నీవుండినను దిగియుందువు."

"దిగియుందునేమో. కాని నేను అభిమానిని, వారు ఆట తెలిసినవారు. గెలుపుల లెక్క చూచిరి సరే, మోచేయి చూచిరా? అప్పటికే తన చేయి బాధించుచుండెనని బ్రోగ్లియోయే తరువాత చెప్పెను గదా."

"బాధ పైకి కనబడదు. ఇంకొక మాట వినుము. మన దగ్గఱనే ఉండినచో బ్రాక్ ఇంతవాడగునా? ఇక్కడ అతనిని ఎండలో నిలిపి, బలముగా కొట్టుమనిరి. అక్కడ జానీ కీన్ అతనిని ఎడమవైపునకు మార్చి, పరుగెత్తుటకు స్వేచ్ఛ ఇచ్చెను. మనమిచ్చినది 251 వానిని. 348 వానిని వారు చేసికొనిరి."

"తాతా! అది తప్పును తగ్గించుట లేదు, పెంచుచున్నది. రెండేండ్లు ఆ కాళ్లను ప్రతిదినము చూచినవారు మనవారే. వానితో ఏమి చేయవచ్చునో పొరుగువారు కనిపెట్టిరి, మనవారు కనిపెట్టలేదు."

తాత ఇక్కడ కొంతసేపు మాటలాడడు.

వారి మాటలలో రెండు వేఱు ప్రశ్నలు పెనగొనియున్నవి. బేరము లాభించినదా యనునది ఒకటి. బేరము చేసినవారు చక్కగా ఆలోచించిరా యనునది రెండవది. మొదటిదానికి జవాబు అందఱకును తెలిసినదే. రెండవదానికి ఫలితమును సాక్ష్యముగా తెచ్చుట న్యాయము కాదు. వాన కురియునని నమ్మి విత్తనము చల్లినవానిని, ఆ యేడు వాన రానందుకు మూర్ఖుడన వచ్చునా? ఈ విషయమున తాత పలికినది నిజము. ఫిలడెల్ఫియావారు ఆ పదియాటలలో రెండు గెలిచియుండినచో ఈ మార్పిడికి ఇంత కీర్తియు కలిగెడిది కాదు. ఐనను నా మట్టుకు మనుమని కడపటి మాట బరువైనదిగా తోచును. రాబోవు అంకెలను ఎవ్వరును చూడలేరు. ఎదుటనున్న మనిషిని చూడవచ్చును. బ్రోగ్లియో పాత గెలుపులను చూచినంత శ్రద్ధగా బ్రాక్ పరుగును చూడకపోవుటయే కబ్స్ వారి పొరపాటని నా యభిప్రాయము. కార్డినల్స్ వారి అదృష్టము పెద్దదే గాని, తమకేమి కావలెనో వారెఱుగుదురు.

ఈ వాదమున అభిమానులు తఱచుగా మఱచునది ఒకటి కలదు. సంతలో ఎద్దును ఎవ్వరును అడుగరు. 1964లో బ్రాక్‌ను గాని, బ్రోగ్లియోను గాని ఎవ్వరును అడుగలేదు. ఒక జట్టుతో ఒప్పందము వ్రాసిన ఆటగాడు ఆ జట్టువారు విడిచినగాని మఱొకచోట ఆడరాదు. వారు పంపినచోటికి పోవలెను, లేదా ఆట మానవలెను. ఇల్లును, పిల్లల బడియు, స్నేహితులును విడిచి ఒక్క రాత్రిలో బయలుదేరవలెను. బ్రాక్‌తోపాటు కార్డినల్స్ మైదానమున ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969లో ఫిలడెల్ఫియాకు మార్చిరి. అతడు పోనని చెప్పెను. తన యిష్టముతో పనిలేక కొనుటకును అమ్ముటకును తానొక ఆస్తిని కానని ఆ యేటి డిసెంబరు 24న ఆటల అధికారికి లేఖ వ్రాసి, న్యాయస్థానమునకు పోయెను. 1972లో అత్యున్నత న్యాయస్థానము అతనికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. అప్పటికే అతని ఆట ముగిసిపోయినది. కాని ఆ వివాదము రేపిన ఆలోచన ఆగలేదు. 1975 చివర ఒక మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో, ఒప్పందము ముగిసిన ఆటగాండ్రు తమకు నచ్చిన జట్టున చేరుటకు త్రోవ ఏర్పడెను. నేడు కబ్స్ బేరమును తూచువారు లాభనష్టముల ఖాతాలో జట్లను మాత్రమే వ్రాయుదురు. బ్రోగ్లియో బ్రదుకంతయు ఆ ఖాతాలో ఖర్చు క్రింద వ్రాయబడినది.

అతడు మాత్రము దానిని చేదుగా మింగలేదు. తన పేరు చెడ్డబేరమునకు మాఱుపేరైనదని ఎఱిగియు నవ్వుచు మాటలాడెడివాడు. అతడును బ్రాక్‌ను స్నేహితులైరి. 2019లో బ్రోగ్లియోయు, 2020లో బ్రాక్‌ను కాలధర్మము చెందిరి. ఈ నడుమ 2016లో, 108 ఏండ్ల తరువాత, కబ్స్ మరల ప్రపంచ విజేతలైరి. దానితో వాదమునందలి వేడి కొంత చల్లారినది.

మనుమడు తాతను ఇంకొక ప్రశ్న అడుగుచుండును. 1979 ఆగస్టు 13న సెయింట్ లూయీలో బ్రాక్ తన మూడువేలవ హిట్టు కొట్టెను. బంతి పిచ్చరు చేతికి తగిలి ప్రక్కకు దొరలెను. బ్రాక్ మొదటి బేసు చేరెను. జనులందఱు లేచి నిలిచిరి. ఆనాడు ఎదుట ఆడుచున్నది చికాగో కబ్స్ జట్టే.

"అప్పుడు నీవు చప్పట్లు కొట్టితివా, తాతా?"

తాత పత్రికను అడ్డముగా ఎత్తిపట్టి, ఆనాటి ఆటల పట్టిక చదువుకొనును.