ముందు బల్ల, తర్వాతే వైసు

కాజీపేట

చిన్నా,

సికింద్రాబాద్ బోయిగూడ ఇంటి వెనక గదిలోంచి, ఇనుప ముక్కలు బిగించి పట్టే తాతయ్య వైసు బయటికి తీశావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నువ్వు పంపిన ఫొటోలు కూడా చూశాను. ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగావు. రంగు సంగతి ఆఖరున చూద్దాం, వేయకపోయినా కొంప మునిగేదేం లేదు. నన్నడిగితే నీ డబ్బూ ఓపికా బల్ల మీద పెట్టు. తుప్పు మరకల వైసైనా గట్టి బల్ల మీద కూర్చుంటే పని చేస్తుంది. తళతళలాడే వైసును ఊగే బల్ల మీద పెడితే ఆకురాయి తోసిన ప్రతిసారీ నీ బలం సగం ఆ ఊగులాటకే పోతుంది.

మన వాడకు ఒక పక్క నిజాం రైల్వే 1893లో పెట్టిన లాలాగూడ వర్క్‌షాపు, ఇంకో పక్క 1943లో మొదలైన ప్రాగా టూల్స్ కార్ఖానా ఉండేది. తాతయ్య కాలంలో ఫిట్టరు లేని సందు కనపడేది కాదు. వైసు ఎలా బిగించాలో ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు, పక్కింటికి వెళ్లి చూస్తే సరిపోయేది. ఇప్పుడు ఉత్తరం రాయాల్సి వస్తోంది.

ముందు పగులు ఉందేమో చూడు. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. గట్టి తాడుతో వైసును కొంచెం పైకి లేపి చిన్న సుత్తితో తట్టు. ఖంగుమంటే మంచిదే. మొద్దు చప్పుడు వస్తే అనుమానించు. అనుమానం ఉన్నచోట మడ్డి తుడిచి కిరసనాయిలు పూసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడి అద్దు. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి, సన్నటి తడి గీత కనిపిస్తుంది. అది నట్టు కూర్చునే చోటనో, జారే దవడ మెడ దగ్గరో ఉంటే ఆ వైసు మీద ఆశ వదులుకో. రోడ్డు పక్క వెల్డింగు షాపులో మామూలు రాడ్డుతో అతికించి ఇచ్చేస్తామంటారు. ఒప్పుకోకు. పోత ఇనుమును ముందు వేడి చేయాలి, నికెల్ రాడ్డు వాడాలి, మెల్లగా చల్లారనివ్వాలి. లేకపోతే అతుకు పక్కనే ఇంకో పగులు పుడుతుంది.

పిడి వదులు చేస్తే స్క్రూ ఒక్కటే బయటికి వస్తోంది, దవడ కదలడం లేదన్నావు. భయపడకు. ఆ దవడను స్క్రూతో పాటు లాక్కొచ్చేది లోపలుండే వాషరు, దాన్ని ఆపే చిన్న పిన్ను. అది విరిగిపోయి ఉంటుంది. కొత్త పిన్ను కొని వేస్తే సరి, ఖర్చు చాయ్ డబ్బులంత. దవడ మొత్తం బయటికి లాగినప్పుడు స్క్రూ మరలు చూడు. నట్టు లోపల ఏళ్ల తరబడి పేరుకున్న ఇనుప రజను, పాత గ్రీజు కలిసి రాయిలా గట్టిపడి ఉంటాయి. బిగుసుకుపోయిందని జనం అనుకునే వైసుల్లో చాలావాటి జబ్బు ఇదే. కిరసనాయిల్లో రాత్రంతా నానబెట్టి, మరల వెంట మేకు మొనతో గీకు. స్క్రూకి గ్రీజు, జారే పక్కలకు పలచటి నూనె. రంగు వేస్తే మాత్రం ఈ రెండు చోట్లా చుక్క పడనివ్వకు.

దవడలు సరిగ్గా కలుస్తున్నాయా అన్నదానికి కాగితం ముక్క చాలు. మెల్లగా బిగించి పైన, కింద, రెండు పక్కలా లాగి చూడు. పైన పట్టుకుని కింద కాస్త జారితే అది లోపం కాదు, గట్టిగా బిగించేసరికి దవడలు పైవైపు కొంచెం విచ్చుకుంటాయి కాబట్టి అలా ఉండటమే మంచిది. కింద పట్టుకుని పైన వదులుగా ఉంటేనే ఆలోచించాలి. దవడల ముఖాన ఉండే జా ప్లేట్ల మీద గాట్లు ఉన్నాయని వాటిని సాన పట్టించకు. రాగి, ఇత్తడి లాంటి మెత్తటి సరుకు పట్టుకునేటప్పుడు అల్యూమినియం రేకు వంచి దవడలకు తొడిగితే చాలు.

ఇక బల్ల. మన బోయిగూడలో కలప డిపోలకు కరువా? రెండంగుళాల మందం సాల్ గానీ నల్లమద్ది గానీ అడుగు. స్టేషను దగ్గరే కదా, పాత రైలు స్లీపరు చెక్కలు చవకగా ఇస్తాననేవాడు తగులుతాడు. వాటికి క్రియోసోట్ పట్టించి ఉంటారు, ఇంట్లోకి తేవద్దు. వైసు సరిగ్గా బల్ల కాలు మీదికి రావాలి. వెనక దవడ ముఖం బల్ల అంచుకు కొంచెం బయటికి ఉండాలి, లేకపోతే పొడవాటి కడ్డీని నిలువుగా పట్టుకోలేవు. ఎత్తు సంగతి ఐటీఐలో మొదటి వారమే నేర్పుతారు: నిటారుగా నిలబడి పిడికిలి గడ్డానికి ఆనిస్తే మోచేయి వైసు పైభాగానికి తగలాలి. పని చేసేటప్పుడు వేసుకునే చెప్పులతోనే కొలుచుకో.

వైసును బల్లకు బిగించడానికి చెక్క మరమేకులు వద్దు. బల్ల ఆరపార దూసుకుపోయే బోల్టులు వెయ్యి, కింద వెడల్పు ఇనుప పట్టీ పెట్టి నట్టు మీద నట్టు బిగించు. బిగించే ముందు వైసు అడుగు నాలుగు మూలలా ఆనిందో లేదో చూడు. ఒక మూల గాలిలో ఉండగా బోల్టు లాగితే అది దూరే వైసు చెవి ఫట్‌మంటుంది. సందున్న చోట రేకు ముక్క దూర్చి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. 2022 మార్చిలో మన బోయిగూడ తుక్కు గోదాములో నిప్పంటుకుని, పైన పడుకున్న 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. నీ వెనక గదికి తలుపు ఒక్కటే. బల్ల ఆ తలుపుకు అడ్డం రాకూడదు. కిరసనాయిలు గుడ్డలు మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి సాయంత్రానికల్లా బయట పెట్టు.

పిడికి పైపు తొడిగి బిగించే పని మాత్రం చేయకు, తాతయ్య ఉంటే చెయ్యి విరిచేవాడు. ఒకవేళ నట్టు మరలు అరిగాయని తేలితే స్క్రూ, నట్టు రెండూ గోనెపట్టాలో చుట్టి ఉంచు. పాతది కాబట్టి అంగుళాల కొలత మర అయ్యుండొచ్చు, స్క్రూ చూడకుండా ఏ టర్నరూ నట్టు కొయ్యలేడు. పెన్షన్ పని మీద వచ్చే నెల సికింద్రాబాద్ వస్తున్నాను, అవి పట్టుకుని రాణీగంజ్ వైపు టర్నరు దగ్గరికి వెళ్దాం. బేరం నేనాడతాను, నువ్వు మధ్యలో నోరు తెరవకు.

నీ
పెద్దనాన్న