పగార్ ఆగినా పాట పంపొద్దు

ముంబైలో కామాటిపుర గల్లీల నుంచి లామింగ్టన్ రోడ్డుకు నడిచే పోవచ్చు. మన చాళ్ల పిల్లలు అక్కడి మొబైల్ రిపేరు దుకాణాల్లో కుదరడం, చెయ్యి తిరిగాక అంధేరీ వైపు ఎడిటింగ్, రికార్డింగ్ ఆఫీసుల్లో చేరడం కొత్తేమీ కాదు. తాతలు రాళ్లెత్తారు, తండ్రులు మిల్లుల్లో సాంచెలు నడిపారు. మిల్లు గేటు దగ్గర జేబులు తడిమి చూసేవారు. ఇప్పటి పిల్లల చేతిలో ఉన్న సరుకు విడుదల కాని పాట. దానికి గేటూ లేదు, తడిమేవాడూ లేడు.

పాట లీకైందంటే ఎక్కడో కూర్చున్న హ్యాకర్ పని అనుకుంటాం. అలాంటివాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ కుర్రాడొకడు ఎడ్ షీరన్ విడుదల చేయని పాటలు కాజేసి, క్రిప్టోకరెన్సీకి అమ్ముకుని, 2022లో 18 నెలల శిక్ష వేయించుకున్నాడు. మన పక్క పెద్ద లీకు కథ వేరు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ సినిమా దాదాపు గంటన్నర భాగం విడుదలకు ముందే ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. పోలీసులు చెప్పినదాని ప్రకారం అది యూనిట్‌లో పనిచేసే మనిషి నుంచి ఒక కానిస్టేబుల్ మిత్రుడికి, అక్కడి నుంచి చేతులు మారుతూ కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్మే దుకాణం దాకా పోయింది. నిర్మాత సినిమాను హడావిడిగా సెప్టెంబరు 27న విడుదల చేయాల్సి వచ్చింది. ‘నువ్వొక్కడివే చూడు, ఎవరికీ ఇవ్వకు’ అన్న మాట ఎంతదూరం నిలుస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

పాటల సంగతీ అంతే. 2022 ఫిబ్రవరి 14న రావాల్సిన ‘కళావతి’ ముందే బయటికి పొక్కడంతో ‘సర్కారు వారి పాట’ సినిమా వాళ్లు ఒక రోజు ముందే విడుదల చేశారు. సంగీత దర్శకుడు తమన్ తన బాధంతా ఆడియో సందేశంలో చెప్పుకున్నారు. 2023లో ‘గేమ్ ఛేంజర్’ పాట ‘జరగండి’ లీకైతే నిర్మాణ సంస్థ సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లింది.

చట్టం ఏమంటుంది? 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి హక్కు ఉల్లంఘించినా, అందుకు తోడ్పడినా ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. ‘నేను డబ్బు తీసుకోలేదు సార్’ అంటే నేరం పోదు. వ్యాపార లాభం లేదని తేలితే కోర్టు కారణం రాసి శిక్ష తగ్గించవచ్చు, అంతవరకే. ఈ నేరం బెయిలు హక్కుగా దొరికేది కాదని, పోలీసులు వారెంటు లేకుండానే పట్టుకోవచ్చని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆఫీసు కంప్యూటర్ నుంచి అనుమతి లేకుండా ఫైలు తీసుకుంటే ఐటీ చట్టం 66వ సెక్షన్ కూడా తోడవుతుంది. దాని కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సొంతంగా వినడానికి చట్టంలో కొంత మినహాయింపు ఉన్నా, గ్రూపులో పెట్టింది సొంత వాడకం అనిపించుకోదు.

రిపేరు దుకాణంలో ఉన్నవాళ్లకు చిక్కు ఇంకోలా వస్తుంది. స్టూడియో మనిషి ఫోన్ బాగుకు వస్తుంది, డేటా మీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు, అందులో కొత్త పాట కనబడుతుంది. ఆ ఫోల్డర్ తెరవకండి. ఫోన్ తిరిగిచ్చిన రోజే ఆ కాపీ చెరిపేసి, ఆ మాట కస్టమర్‌కు వాట్సాప్‌లో రాసి పెట్టండి. రేపు లీకు ఎక్కడ జరిగినా మీకు ఆ ఒక్క మెసేజే దిక్కు. గణపతి మండపాల్లో డీజే పట్టేవాళ్లు ‘ఎక్స్‌క్లూజివ్’ అంటూ ఎవరో పంపిన పాట మిక్స్‌లో కలిపితే, పంపినవాడితోపాటు మీరూ ఇరుక్కుంటారు. గ్రూపు అడ్మిన్‌లకు కొంత ఊరట ఉంది. ఉమ్మడి ఉద్దేశం రుజువైతే తప్ప సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఇంకో రకం కేసులో చెప్పింది. అయినా పాట కంటబడ్డాక డిలీట్ చేయకుండా ఊరుకోకండి.

అసలు సంగతి పగార్‌ది. సేఠ్ రెండు నెలల జీతం ఆపాడు, హార్డ్‌డిస్క్ మీ బ్యాగులోనే ఉంది, కోపం రావడం న్యాయమే. కానీ ఫైలు బయటపెట్టిన క్షణంలో బాకీ పడ్డ సేఠ్ ఫిర్యాదుదారు అవుతాడు, జీతం అడగాల్సిన మీరు నిందితులవుతారు. ‘డబ్బివ్వకపోతే వదులుతా’ అని మెసేజ్ పెట్టడం అంతకన్నా చేటు, అది బెదిరింపు కేసు కింద నిలబడుతుంది. హార్డ్‌డిస్క్ తిరిగిచ్చి, ముట్టినట్టు కాగితం రాయించుకోండి. చేసిన రోజులు, ఒప్పుకున్న మొత్తం, సేఠ్ ‘రేపిస్తా’ అన్న మెసేజ్‌లు అన్నీ భద్రం చేయండి. సినిమా యూనియన్ కార్డు ఉంటే పశ్చిమ భారత సినీ ఉద్యోగుల సమాఖ్యకు, లేకపోతే బాంద్రా–కుర్లా కాంప్లెక్స్ కామగార్ భవన్‌లోని కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యమవుతుంది, తిప్పుతారు కూడా. అయినా ఆ దారిలో మీరు బాకీ రావాల్సిన మనిషిగానే ఉంటారు.

ఆఫీసులో లీకు జరిగి మీ మీద చూపు పడితే ఫోన్ ఫార్మాట్ చేయకండి. సాక్ష్యం చెరిపారన్న రెండో తలనొప్పి మొదలవుతుంది. పోలీసులు నోటీసు ఇస్తే ఆ తేదీకి తప్పకుండా వెళ్లండి. ఫోన్ తీసుకుంటే పంచనామా నకలు అడగండి. వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయసహాయం గురించి చెబుతారు.

మన చాళ్లలో పాట రాసేవాళ్లకూ కొదవ లేదు. బతుకమ్మకు, బోనాలకు జానపదం కట్టి, ఫోన్‌లో పాడి, ఎవరో ‘ఆల్బమ్ చేద్దాం’ అంటే పంపేస్తారు. అదీ విడుదల కాని పాటే, ఈసారి హక్కు మీది. రాసిన క్షణం నుంచి కాపీరైట్ ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే సాహిత్యానికి 500 రూపాయల రుసుము. డెమో పంపేటప్పుడు మీ పేరుతో ఈమెయిల్‌లోనే పంపండి, తేదీ దానంతటదే పడుతుంది. హక్కు రాసివ్వడం సంతకం ఉన్న కాగితం మీదే చెల్లుతుంది. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కిస్తుంది. 2012 సవరణ తర్వాత, సినిమాలో వాడినా (థియేటర్లో సినిమాతోపాటు వినిపించడం మినహా), ఆల్బమ్‌లో వాడినా రచయితకు వచ్చే రాయల్టీ వాటాను నిర్మాతకో కంపెనీకో రాసిచ్చేసినా చెల్లదు. ‘అన్ని హక్కులూ శాశ్వతంగా’ అని అచ్చేసిన ఫారం చేతికిస్తే, అక్కడికక్కడే సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని ఎవరితోనైనా చదివించుకోండి.