రాత్రి వేట, ఉదయమున వల

చదువవలసిన భాగములు: లూకా 5:1–11, యోహాను 21:1–14

రుఆబాంధా భిలాయి ఉక్కు నగరములోని యొక పేట. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ నగరము సముద్రమునకు బహు దూరము. అయినను రాత్రి పని యెట్టిదో ఇచటి తెలుగు కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. అట్టి కొలిమి ఒకసారి రగిలిన పిమ్మట సంవత్సరముల తరబడి ఆరకూడదు. గనుక కొందరు నిద్రించు వేళ మరికొందరు మేలుకొని యుండవలసినదే. రాత్రి షిఫ్టు ముగించి తండ్రి వచ్చిన యింట పగలు పిల్లలు మెల్లగా మాటలాడుదురు. “నాన్నగారు పడుకొన్నారు” అని తల్లి హెచ్చరించును. గలిలయ జాలరుల బ్రదుకును గ్రహించుటకు ఇట్టి యిల్లు మంచి బడి.

1. రాత్రియే యెందుకు?

పై రెండు భాగములలోను జాలరులు రాత్రియంతయు శ్రమపడిరి. ఇది వారి వింత అలవాటు కాదు. ఆ కాలపు వలలు అవిసెనార దారముతో అల్లినవి. పగటి వెలుగులో చేపలు వాటిని చూచి తొలగిపోవును, చీకటిలో చూడజాలవు. నైలాను దారము ఇరువదవ శతాబ్దమున వచ్చినది గాని, అంతకు ముందు వేల యేండ్లు జాలరికి చీకటియే తోడు.

మన ఆంధ్ర తీరమునను ఇట్టి వేట కలదు. గోదావరి, కృష్ణ నదుల ముఖద్వారములలోను, మడ అడవుల కాలువలలోను పండుగప్ప దొరకును. సీబాస్ అని పిలువబడునది ఇదియే. గలిలయ మంచినీటి సరస్సు గనుక ఈ చేప అచట లేదు. పండుగప్ప పిల్లలు నదిలోనికి ఎగబ్రాకి పెరుగును. గ్రుడ్లు పెట్టుటకు మరల ఉప్పునీటికి దిగివచ్చును. దాని కంటి వెనుక వెలుగును త్రిప్పికొట్టు పొర యున్నందున దీపము పడినప్పుడు కన్ను నిప్పుకణికవలె మెరయును. మునిమాపు వేళను, రాత్రియందును రొయ్యలను, చిన్న చేపలను వేటాడును. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పాటులు బలముగా నుండును. నీరు తిరుగు వేళ కాలువ మొగలో పండుగప్ప పొంచియుండును. ఆ వేళను జాలరి యెరుగును గాని పోటును రప్పింపజాలడు. సరియైన చోట మేలుకొని యుండుటయే అతని వంతు.

2. ఖాళీ వలను కడుగుట

లూకా సువార్తలోని యొక చిన్న సంగతిని చాలమంది దాటిపోవుదురు. ఆ ఉదయమున జాలరులు వలలు కడుగుచుండిరి. ఒక్క చేపయు పడలేదు. అయినను వల కడుగవలసినదే. ఏలయనగా నాచు, బురద పట్టిన నారవలను కడిగి ఆరవేయనియెడల అది కుళ్లిపోవును. ఫలము లేని రాత్రికి పిమ్మట ఈ పని యెంత భారమో అలసిన చేతులకే తెలియును. కడుగబడిన ఆ వలయే మరికొంతసేపటికి నిండెను. నిర్లక్ష్యముగా పడవేసియుండినయెడల దించుటకు వల ఏది?

1986లో అనావృష్టివలన నీరు తగ్గినప్పుడు గలిలయ సరస్సు ఒడ్డున బురదలో పాత పడవ యొకటి బయల్పడెను. పొడవు 8 మీటర్లకు పైగా, వెడల్పు 2.3 మీటర్లు. అది మొదటి శతాబ్దపు కాలమునకు చెందినదని పండితులు నిర్ణయించిరి. అందు అనేక రకముల చెక్కముక్కలు కనబడినవి. అనగా బీదజాలరులు దొరికిన కలపతో దానిని మరల మరల బాగుచేసికొనిరి.

3. హద్దులేని వెలుగు

కాచుకొని యుండుట నేటి మనుష్యునికి కష్టము. గనుక సముద్రముపై బలమైన ఎల్‌ఈడీ దీపములు వెలిగించి చేపలను గుంపుగా రప్పించు పద్ధతి వచ్చినది. అది పిల్లచేపలను సహా ఊడ్చివేయును. 2017 నవంబరులో భారత ప్రభుత్వము దీనిని నిషేధించెను. పండుగప్ప విషయములో మరియొక జాగ్రత్త కలదు. అది తొలుత మగచేపగా పెరిగి, కొన్ని యేండ్లకు ఆడచేపగా మారును. గనుక మిక్కిలి పెద్దవి సాధారణముగా తల్లిచేపలే. వాటినన్నిటిని పట్టినవాడు రేపటి వలను నేడే ఖాళీ చేసికొనుచున్నాడు.

4. దరిని అడుగబడిన ప్రశ్న

యోహాను సువార్తలో తెల్లవారుచుండగా దరినుండి ప్రశ్న వచ్చెను. ఆ యేడుగురు తమకేమియు దొరకలేదని ఒప్పుకొనిరి. సాకులు చెప్పలేదు, గాలిని గాని పడవను గాని నిందింపలేదు. వారు దరి చేరునప్పటికి నిప్పులును, చేపయు, రొట్టెయు సిద్ధముగా నుండెను. వారు పట్టిన 153 చేపలను లెక్కించుటకు ముందే ఆ భోజనము సిద్ధమైనది.

రాత్రి షిఫ్టునుండి వట్టి చేతులతో వచ్చినట్లు తోచు దినములు ప్రతివానికి కలవు. జీతము అప్పులకే చాలును. శ్రమను ఎవరును చూడరు. అట్టి ఉదయమున చేయదగినవి రెండు: దాచక ఒప్పుకొనుట, వలను కడిగి యుంచుట.

ఆలోచించుడి

1. ఫలితము లేదని నిర్లక్ష్యము చేసిన వల మీ యింట ఏది?
2. మీ యింట రాత్రి పనిచేయువారి విశ్రాంతిని పగలు ఎవరు కాపాడుచున్నారు?
3. ఓపిక లేక రేపటిదానిని నేడే ఊడ్చివేయుచున్న విషయమేదైన కలదా?